అమెరికా డెబ్బైల హిట్ లిస్టులో బోనీ ఎమ్ ఎందుకు వినబడదు?

గంటస్తంభం (విజయనగరం)

అందరికీ నమస్కారం. పాత పాటల విభాగంలో ఇంగ్లీషు పాటల గురించి అడగొచ్చో లేదో తెలీదు. అడ్మిన్ గారు వద్దంటే తీసేస్తాను.

1970ల్లో కేసీ కేసమ్ నడిపిన 'అమెరికన్ టాప్ 40' అనే రేడియో కార్యక్రమాన్ని అక్కడి స్టేషన్లు కొన్ని ఇప్పటికీ శని, ఆదివారాల్లో మళ్ళీ వేస్తున్నాయి. ఇంటర్నెట్‌లో మనకీ వస్తుంది. ఇప్పుడు ఏ వారం నడుస్తోందో, డెబ్బైల్లో ఏదో ఒక ఏడాది ఇంచుమించు అదే వారం నాటి కార్యక్రమాన్ని తీసి వేస్తారు. నలభయ్యో పాటతో మొదలెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఒకటో పాట దగ్గర ముగిస్తారు. మొదట్లో మూడు గంటలుండేది, 1978లో నాలుగు గంటలు చేశారు. పాటకీ పాటకీ మధ్య ఆయన చెప్పే కబుర్లు నాకు పాటలకంటే ఇష్టం. ఈ పాట పోయిన వారం ఎక్కడుంది, పాడినవాళ్ళు అంతకుముందు ఏం చేసేవారు, అన్నీ చెప్తారు. ఒక ప్రశ్న వేసి, జవాబు ప్రకటనల తర్వాత చెప్తారు. ఇక అక్కణ్ణించి లేవబుద్ధి కాదు.

నేను డెబ్బైల్లో పుట్టలేదు. మా నాన్నగారు అప్పుడు కాలేజీలో ఉన్నారు. పక్కన కూర్చుని వింటూ వింటూ ఆయన "ఏట్రా, ఇన్ని వారాలైనా బోనీ ఎమ్ రాదేటి? మా కాలంలో అదే కదా పెద్ద హిట్టు" అన్నారు. నిజమే, ఆ పాప్ బృందం పాట నేనూ ఒక్కసారి కూడా వినలేదు. ఆబ్బా బృందం పాటలు కూడా మనం అనుకున్నంత పైన ఉండవు. ఎందుకంటారు? అసలు ఆ పాటలు ఆ రోజుల్లో విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎలా చేరాయి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

మైక్‌సెట్ (చీపురుపల్లి)

గంటస్తంభం గారూ, మీ నాన్నగారు చెప్పింది కరెక్టే. లిస్టూ కరెక్టే. కాకపోతే ఆ లిస్టు అమెరికా వాళ్ళది, అంతే.

కేసమ్ చదివేది బిల్‌బోర్డ్ పత్రిక 'హాట్ 100' లో పైనున్న నలభై పాటలు. అమెరికా షాపుల్లో ఏ రికార్డు అమ్ముడుపోయింది, అమెరికా రేడియో స్టేషన్లు ఏది ఎక్కువ వేశాయి అన్న రెండు లెక్కలూ కలిపి వేసిన వరస అది. 1978లో బోనీ ఎమ్ వారి 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' ఇంగ్లండులో అయిదు వారాలు ఒకటో స్థానంలో కూర్చుంది. అదే పాట అమెరికాలో 30 దాకా ఎక్కి దిగిపోయింది. అంటే 1978 నాటి ఆ కొన్ని వారాల్లో, అదీ మొదటి గంటలో వింటే తప్ప మీ నాన్నగారికి అది దొరకదు. ఆబ్బా సంగతీ అంతే. ఇంగ్లండులో వాళ్ళకి ఒకటో స్థానం పాటలు తొమ్మిది. అమెరికాలో ఒక్కటే, 'డాన్సింగ్ క్వీన్', 1977 ఏప్రిల్‌లో.

మా నాన్న మైకు సెట్టు నడిపేవారు. పెళ్ళిళ్ళకీ, పండగలకీ ఆయనే. పెట్టెలో తెలుగు రికార్డులు ఎన్నున్నా, కుర్రాళ్ళు వచ్చి "బోనీ ఎమ్ వెయ్యి బావా" అని అడిగేవారట. భాష అర్థమై కాదు, దరువు బాగుండి. అమెరికాలో ఏ స్థానంలో ఉందో వాళ్ళకెందుకు!

ప్యాసింజర్ (ఆమదాలవలస)

ఒక సందేహం. ఫోన్లో 'డెబ్బైల హిట్లు' అని కొడితే క్షణంలో వంద పాటలు వస్తాయి, నచ్చనిది దాటేయొచ్చు. నలభై పాటల కోసం మూడు గంటలు కూర్చుని, ఎవరో వేసిన వరసలో వినడం దేనికి? వెటకారం కాదు, నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నాను.

నాగావళి మాస్టారు (శ్రీకాకుళం)

బాబూ ప్యాసింజర్, మంచి ప్రశ్నే అడిగావు. దీనికి జవాబు చెప్పాలంటే హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా గురించి చెప్పాలి.

బుధవారం రాత్రి 8 గంటలకి శ్రీలంక నుంచి రేడియో సిలోన్. బాకా సంగీతం, దాని వెనకే వ్యాఖ్యాత అమీన్ సయానీ గారి గొంతు. ఆ కార్యక్రమం 1952లో మొదలైంది. అప్పటి కేంద్ర సమాచార మంత్రి కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో వాటికి చోటు బాగా తగ్గించేశారు. దేశమంతా సిలోన్ వైపు తిరిగింది. ఆకాశవాణి వాళ్ళు తేరుకుని 1957 అక్టోబర్ 3న వివిధభారతి పెట్టేసరికే సయానీ గారు ఇంటింటి మనిషైపోయారు. ఆయన బొంబాయిలో రికార్డు చేస్తే, ఆ టేపులు విమానంలో కొలంబో వెళ్ళి, అక్కణ్ణించి గాల్లో మన నాగావళి ఒడ్డుకి వచ్చేవి.

ఆయన స్థానం అనరు, 'పాయ్‌దాన్' అంటారు, అంటే మెట్టు. రికార్డు షాపులవాళ్ళు పంపే అమ్మకాల లెక్కలూ, శ్రోతల సంఘాలవాళ్ళు రాసే ఉత్తరాలూ చూసి మెట్లు కట్టేవారు. ఏడాది చివర వార్షిక లిస్టు వచ్చేది. డెబ్బైలవి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 1971లో కిశోర్ కుమార్ గొంతుతో గిరగిరలు తిప్పిన 'జిందగీ ఏక్ సఫర్', 1972లో 'దమ్ మారో దమ్', 1973లో 'యారీ హై ఈమాన్ మేరా', 1976లో 'కభీ కభీ', 1978లో 'అఖియోఁ కే ఝరోఖోఁ సే'. 1975లో ఏది ఒకటో పాటో తెలుసా? ధరలు చంపేస్తున్నాయన్న పాట, 'మహంగాయీ మార్ గయీ'. ప్రేమ పాటలన్నిటినీ దాటి అది పైకెక్కింది. అప్పటి కిరసనాయిలు క్యూలు చూసినవాళ్ళకి అందులో ఆశ్చర్యమేమీ లేదు. వరసలో వింటేనే ఈ సంగతి తెలుస్తుంది. ఒక్కొక్క పాటా విడిగా వింటే అది ఒట్టి పాటే. పక్కన ఏ పాటలున్నాయి, దేన్ని దాటి వచ్చింది అని తెలిస్తే ఆ ఏడాది మనుషులు ఎలా ఉన్నారో తెలుస్తుంది.

ఇంకో మాట. నచ్చనిది దాటేయొచ్చు అన్నావు. మాకు దాటే వీలు లేదు కాబట్టి నచ్చనివి కూడా విన్నాం. వాటిలో సగం తర్వాత నచ్చాయి.

ప్యాసింజర్ (ఆమదాలవలస)

మాస్టారూ, ఆఖరి మాట నాకు బాగా తగిలింది. నేను ఏ పాటకైనా పది సెకన్లు కూడా ఇవ్వను.

తరంగం (విజయనగరం, కంటోన్మెంట్)

రేడియో ట్రాన్స్‌మిటర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఎలా చేరాయి అన్న భాగానికి నేను జవాబు చెప్తాను.

సిలోన్ స్టేషను అంత గట్టిగా వినబడటానికి కారణం యుద్ధం. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల సైనికుల కోసం అక్కడ శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ పెట్టారు. యుద్ధం అయ్యాక అది సిలోన్ ప్రభుత్వం చేతికొచ్చింది. సైన్యం కోసం కట్టింది కాబట్టి దాని అందుబాటు చాలా ఎక్కువ. షార్ట్‌వేవ్ తరంగాలు నేల పట్టుకుని రావు. పైకెళ్ళి, ఆకాశంలో విద్యుదావేశం ఉన్న పొర తగిలి కిందికి వంగుతాయి. అలా వందల, వేల కిలోమీటర్లు దాటేస్తాయి. పగలు ఎక్కువ ఫ్రీక్వెన్సీ, రాత్రి తక్కువ ఫ్రీక్వెన్సీ బాగా పనిచేస్తాయి. అందుకే సిలోన్ వాళ్ళు 25, 41 మీటర్ల బ్యాండ్లు రెండూ వాడేవారు. 300ని మీటర్లతో భాగిస్తే మెగాహెర్ట్జ్ వస్తుంది, 25 మీటర్లంటే దాదాపు 12.

పాట మధ్యలో గొంతు దూరంగా వెళ్ళి మళ్ళీ దగ్గరికొచ్చేది గుర్తుందా? ఒకే పాట రెండు మూడు దారుల్లో వచ్చి మన ఏరియల్ దగ్గర కలుస్తుంది. ఒకదానికొకటి తోడైతే గట్టిగా, అడ్డుపడితే సన్నగా వినబడుతుంది. ఆ పొర కదులుతూ ఉంటుంది కాబట్టి అది నిలకడగా ఉండదు. సెట్టు పాడైందనుకుని రేడియో నెత్తిన కొట్టేవాళ్ళు. పాపం, దాని తప్పేం లేదు.

విశాఖపట్నం ఆకాశవాణి 1963లో వచ్చింది. మీడియం వేవ్ కాబట్టి మన విజయనగరానికి శుభ్రంగా వినబడేది. కానీ ఇంగ్లీషు పాటలు కావాలంటే మాత్రం రాత్రిపూట షార్ట్‌వేవ్ ముల్లు తిప్పాల్సిందే. సిలోన్ ఇంగ్లీషు సర్వీసు, బీబీసీ, వాయిస్ ఆఫ్ అమెరికా. ముల్లు ఒక వెంట్రుకవాసి జరిగితే చైనా వాళ్ళు పలికేవారు. వాల్వు రేడియోల్లో ఆకుపచ్చ కన్ను ఒకటి ఉండేది, స్టేషను సరిగ్గా దొరికితే ఆ కన్ను మూసుకునేది. ట్రాన్సిస్టర్లలో అదీ లేదు, చెవే ఆధారం. బ్యాటరీలు నీరసిస్తే ఎండలో పెట్టి, ఆ వారం కార్యక్రమానికి సరిపోయేంత ప్రాణం తెప్పించేవాళ్ళం.

బొబ్బిలి వీణ

సిలోన్ అంటే అందరూ హిందీయే చెప్తున్నారు. మధ్యాహ్నం తెలుగు పాటలు కూడా వచ్చేవి! మీనాక్షీ పొన్నుదురై గారి తెలుగు ఎంత ముద్దుగా ఉండేదో. సింహళంలో కూర్చుని ఆవిడ మన సినిమా పేర్లు చదువుతుంటే మా అమ్మ అంట్లు తోమడం ఆపేసి వినేది.

ఇక అసలు విషయం. డెబ్బైల హిట్లంటే మనకి ముందు గుర్తుకు రావలసింది బోనీ ఎమ్మేనా? మన పి.సుశీల గారు విజయనగరం ఆడపడుచు. ఇక్కడ పుట్టి, ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో నేర్చుకున్నారు. ఘంటసాల గారు చదువుకున్నదీ ఆ కళాశాలలోనే. నేనూ అక్కడే చదివాను, ఆ మెట్లెక్కినప్పుడల్లా ఒళ్ళు పులకరించేది. 1976 నాటి 'సిరిసిరిమువ్వ' పాటకి సుశీల గారికి జాతీయ పురస్కారం వచ్చింది. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆ దశాబ్దం మొదట్లో ఆయన గొంతు, చివరికొచ్చేసరికి బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు. ఒక తరం చెవులు మారిపోయిన పదేళ్ళు అవి. అమెరికా లిస్టు శ్రద్ధగా వింటున్నారు, సంతోషం. మన లిస్టు ఎవరు చెప్తారు?

పాటలకి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వెయ్యడం కూడా నాకు మనస్కరించదు. సంగీతం పరుగుపందెం కాదు.

మైక్‌సెట్ (చీపురుపల్లి)

అమ్మా, నంబర్ల విషయంలో మీతో సగం ఏకీభవిస్తాను. అమెరికా లెక్క కూడా పూర్తిగా లెక్కేం కాదు. డెబ్బైల్లో పత్రికవాళ్ళు రికార్డు షాపులకి ఫోన్ చేసి "ఈ వారం ఏది బాగా పోతోంది" అని అడిగి రాసుకునేవారు. షాపువాడు తనకి నచ్చింది చెప్పినా అడిగేవాడు లేడు. బార్‌కోడ్ లెక్క మీద లిస్టు వెయ్యడం 1991లో వచ్చింది. కాబట్టి ఆ నంబర్లని గుడ్డిగా నమ్మక్కర్లేదు.

కానీ నంబరు లేకపోతే పాటల వెనక కథలు కొన్ని పుట్టేవే కాదు. మా నాన్న దగ్గర నేర్చుకున్నది ఒకటి చెప్తాను. చిన్న రికార్డుకి రెండు వైపులు. ఒక వైపు కంపెనీ నమ్ముకున్న పాట, రెండో వైపు ఖాళీగా ఉంచడమెందుకని వేసే పాట. డెబ్బైల్లో రెండు పెద్ద హిట్లు ఆ రెండో వైపు నుంచే వచ్చాయి.

మొదటిది 'కుంగ్‌ఫూ ఫైటింగ్', 1974. పాడింది కార్ల్ డగ్లస్. చేయించింది ఎవరనుకున్నారు? బిడ్డూ, మన బెంగళూరు మనిషి! బెంగళూరులో పుట్టి, గిటార్ పట్టుకుని ఇంగ్లండు వెళ్ళినాయన. మొదటి వైపు పాటకే స్టూడియో సమయమంతా అయిపోయింది. చివర్లో మిగిలిన పది నిమిషాల్లో హడావుడిగా ఇది తీశారు. కంపెనీవాళ్ళు విని, ఇదే మొదటి వైపు ఉండాలన్నారు. ఆ ఏడాదే ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఒకటో పాట. తర్వాత 1980లో నాజియా హసన్ చేత 'ఆప్ జైసా కోయీ' పాడించింది కూడా ఈయనే. గంటస్తంభం గారూ, అమెరికా లిస్టులో మనవాడు ఉన్నాడని నాన్నగారికి చెప్పండి.

రెండోది గ్లోరియా గేనర్ 'ఐ విల్ సర్వైవ్'. అదీ వెనక వైపు పాటే. పాటలు వేసేవాళ్ళు రికార్డు తిరగేసి వెయ్యడం మొదలెట్టారు, 1979లో ఒకటో స్థానానికి వచ్చింది. కంపెనీ నిర్ణయాన్ని జనం తిరగరాశారు.

పాట మూడు నిమిషాలే ఎందుకుండేదో కూడా రికార్డు పట్టుకుని చూస్తే అర్థమవుతుంది. చిన్న రికార్డు నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది. గట్టిగా మోగాలంటే గాడి వెడల్పుగా ఉండాలి. పాట పొడుగైతే గాళ్ళు ఇరుకై శబ్దం తగ్గిపోతుంది. మైకు సెట్టువాడికి శబ్దం తగ్గితే పెళ్ళివారు ఊరుకోరు కదా. డాన్ మెక్లీన్ 'అమెరికన్ పై' ఎనిమిదిన్నర నిమిషాలు, దాన్ని సగం ఒక వైపు, సగం ఇంకో వైపు పెట్టి అమ్మారు. అలా ముక్కలైన పాట 1972 జనవరిలో ఒకటో స్థానానికి ఎక్కింది.

కొత్తవలస సిస్టర్

నేను నర్సుని. మా ట్రైనింగ్‌లో ఒక డెబ్బైల పాట నేర్పారు, 'స్టేయిన్ అలైవ్'. గుండె ఆగినవాళ్ళకి ఛాతీ మీద నొక్కేటప్పుడు నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఆ పాట దరువు సుమారు 103. మనసులో పాడుకుంటూ నొక్కితే వేగం తప్పదు. పెద్దవాళ్ళకైతే 5 సెంటీమీటర్ల లోతు అణగాలి, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. ముందు 108కి ఫోన్ చేయించండి, తర్వాత మొదలుపెట్టండి. ఈ టాపిక్‌కి సంబంధం ఉందో లేదో గానీ, ఇంతమంది చదువుతున్నారు కాబట్టి చెప్పాలనిపించింది.

మైక్‌సెట్ (చీపురుపల్లి)

సంబంధం లేకపోవడమేంటి సిస్టర్! ఆ దరువు అంత నిలకడగా ఎందుకుందో వినండి. ఆ పాట పాడిన బీ జీస్ బృందంవాళ్ళు ఫ్రాన్స్‌లో రికార్డింగ్ చేస్తున్నారు. డ్రమ్స్ వాయించేవాడు ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేక ఊరెళ్ళిపోయాడు. అప్పటికే రికార్డు చేసిన 'నైట్ ఫీవర్' పాట టేపు లోంచి కొంచెం డ్రమ్స్ ముక్క కత్తిరించి, రెండు కొసలూ అతికించి, ఆ టేపు చుట్టని తిప్పుతూ పాటంతా నడిపించారు. మనిషి వాయిస్తే కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇది చుట్టూ తిరిగే టేపు కాబట్టి వేగం మారదు. ఆ టేపు ముక్క ఇవాళ మీ ట్రైనింగ్ దాకా వచ్చింది.

చర్చి వీధి (సాలూరు)

'రివర్స్ ఆఫ్ బాబిలాన్' గురించి ఎవరూ ఒక మాట చెప్పలేదు. అది డాన్సు పాట కాదండీ. కీర్తనల గ్రంథంలో 137వ కీర్తన. చెరపట్టి తీసుకెళ్ళిన జనం బబులోను నదుల దగ్గర కూర్చుని తమ ఊరిని తలచుకుని ఏడ్చిన పాట. "మీ దేశపు పాట ఒకటి పాడండి" అని బంధించినవాళ్ళు అడిగితే, పరాయి నేల మీద ఎలా పాడతాం అంటారు. 1970లో జమైకాకి చెందిన మెలోడియన్స్ బృందం దాన్ని పాటగా కట్టింది, బోనీ ఎమ్ తర్వాత తీసుకున్నారు. మా తాతగారు పాస్టరు. పెళ్ళిలో మైకులో ఇది మోగుతుంటే కుర్రాళ్ళు గంతులేస్తున్నారని కోప్పడలేదు. ఆదివారం ప్రసంగంలో ఆ కీర్తన చదివి, "మీరు నిన్న గంతులేసిన పాట ఇదే, ఇప్పుడు కూర్చుని వినండి" అన్నారట.

మన పల్లెల్లోంచి పని కోసం వలస వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. చెన్నైలో, హైదరాబాదులో కట్టడాల మీద పనిచేసే మా వాళ్ళ ఫోన్లలో కూడా ఆ పాట విన్నాను. వాళ్ళకి ఆ కథ తెలీదు, పాట మాత్రం దొరికింది.

ప్యాసింజర్ (ఆమదాలవలస)

ఇది చదివాక మళ్ళీ విన్నాను. ఇంతకాలం అది పిక్నిక్ పాట అనుకున్నాను. పాట ముందు ఇలా ఎవరైనా నాలుగు ముక్కలు చెప్తే వినడమే మారిపోతుంది. మాస్టారూ, మీ కార్యక్రమాల గొప్పతనం ఏంటో ఇప్పుడు అర్థమైంది. ఫోన్ పాటలు ఇస్తుంది, వాటి సంగతి చెప్పదు.

ఇంకో డౌటు. బోనీ ఎమ్‌లో గంతులేసే ఆయన గొంతు భలే బొంగురుగా ఉంటుంది, ఆయన పేరేంటి?

మైక్‌సెట్ (చీపురుపల్లి)

గంతులేసినాయన బాబీ ఫారెల్. గొంతు ఆయనది కాదు. రికార్డుల్లో ఆ మగ గొంతు బృందాన్ని తయారుచేసిన జర్మన్ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. ఆడ గొంతులు లిజ్ మిచెల్, మార్షియా బారెట్. టీవీ చూసినవాళ్ళు ఫారెల్‌ని గుర్తుపెట్టుకున్నారు. మనకి రేడియో, మైకు సెట్టు మాత్రమే ఉన్నాయి కాబట్టి మనం గుర్తుపెట్టుకున్నది అసలు గొంతులనే.

నాగావళి మాస్టారు (శ్రీకాకుళం)

బొబ్బిలి వీణ గారి ప్రశ్న అలాగే ఉండిపోయింది. మన లిస్టు ఎవరు చెప్తారు అన్నారు. నేను దాని గురించి రాత్రంతా ఆలోచించాను.

మనకీ ఒక కొలత ఉండేది, కార్డులు. వివిధభారతిలో జనరంజని, స్టేషన్లలో శ్రోతలు కోరిన పాటలు. పాటకి ముందు పేర్లు చదివేవారు, ఒక ఊరి నుంచి ఫలానా ఫలానా, వారి కుటుంబసభ్యులు అని. పేర్ల వరస ఎంత పొడుగుంటే పాట అంత పెద్ద హిట్టు. హిందీలో ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరు ఒట్టి కార్డుల వల్లే దేశమంతా తెలిసిపోయింది. ఇప్పుడు జార్ఖండ్‌లో ఉంది. మా బడి పిల్లలు టెక్కలి, పలాస, నరసన్నపేట పేర్లు రేడియోలో వినబడితే కేకలు పెట్టేవారు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాక, అంతవరకూ 'శ్రీకాకుళం జిల్లా' అని రాసే వాళ్ళలో కొంతమంది కార్డు మీద జిల్లా పేరు మార్చుకోవలసి వచ్చింది. చిన్న విషయమే, కానీ అప్పట్లో కార్డు రాయబోయి ఆగి, జిల్లా పేరు కొట్టేసి మళ్ళీ రాసినవాళ్ళు ఉన్నారు.

కాబట్టి ఆ లిస్టు ఎక్కడో అచ్చులో దొరకదమ్మా. విన్నవాళ్ళ జ్ఞాపకాల్లోంచే మళ్ళీ కూర్చుకోవాలి. వినేవాళ్ళు తగ్గిపోకముందే ఆ పని చెయ్యాలి. సయానీ గారు 2024 ఫిబ్రవరిలో పోయారు. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఎవరం లేవలేదు.

బొబ్బిలి వీణ

మాస్టారూ, నమస్కారం. నా మాట పట్టించుకున్నందుకు సంతోషం. నంబర్లు వద్దన్న మాట మీదే ఉన్నాను. కానీ ఎవరు ఎందుకు కోరారో చెప్పి పాట వెయ్యడం నాకు చాలా నచ్చింది. కేసమ్ గారు కూడా 1978 నుంచి శ్రోతల ఉత్తరం చదివి, వాళ్ళు దూరంగా ఉన్న తమవాళ్ళ కోసం అడిగిన పాట వేసేవారని విన్నాను, నిజమేనా గంటస్తంభం గారూ?

గంటస్తంభం (విజయనగరం)

నిజమేనండీ. లిస్టులో లేని పాటైనా ఉత్తరం బాగుంటే వేస్తారు. నాకు బాగా ఇష్టమైన భాగం అదే. విడిపోయిన స్నేహితులు, పరాయి దేశంలో సైనికులు, ఉత్తరం చదువుతుంటే ఆయన గొంతు మారిపోతుంది.

మీరందరూ రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. 137వ కీర్తన దగ్గర చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత "బిడ్డూ అనేవాడు బెంగళూరువాడని నాకూ తెలీదు" అన్నారు.

ఒక ఆలోచన చెప్తాను. ఈ వేదికలో వాయిస్ రూమ్ సదుపాయం ఉంది. ప్రతి ఆదివారం రాత్రి 8 గంటలకి ఒక గంట పెట్టుకుందాం. డెబ్బైల పాటలు, ఇంగ్లీషు, హిందీ, తెలుగు ఏదైనా సరే, షరతు ఒకటే. మన రెండు జిల్లాల్లో ఎవరో ఒకరు అప్పట్లో విన్న పాటై ఉండాలి, కోరినవాళ్ళు ఎక్కడ, ఎలా విన్నారో చెప్పాలి. ఏమంటారు?

తరంగం (విజయనగరం, కంటోన్మెంట్)

మంచి ఆలోచన. ఒక్క జాగ్రత్త. పాటల హక్కులు కంపెనీలవి, లైసెన్సు లేకుండా రూమ్‌లో పాట ప్రసారం చెయ్యకూడదు. అడ్మిన్ గారికి ఇబ్బంది. కాబట్టి మాట మాత్రం రూమ్‌లో చెప్పుకుందాం. చెప్పడం అయ్యాక "ఇప్పుడు వెయ్యండి" అనగానే ఎవరి ఫోన్లో వాళ్ళు తమ యాప్‌లో అదే పాట పెట్టుకోవాలి. నాలుగు నిమిషాల తర్వాత మళ్ళీ అందరం రూమ్‌లోకి. రెండు మూడు సెకన్లు అటూ ఇటూ అయినా పరవాలేదు, షార్ట్‌వేవ్‌లో అంతకంటే ఎక్కువే ఓర్చుకున్నాం. సమయం చూసే పని నాకివ్వండి.

అడ్మిన్

తరంగం గారు చెప్పిన పద్ధతి అయితే అభ్యంతరం లేదు. ఆదివారం 8 నుంచి 9 వరకు రూమ్ తెరిచి ఉంచుతాను. ఈ టాపిక్‌ని పైన పిన్ చేస్తున్నాను.

నాగావళి మాస్టారు (శ్రీకాకుళం)

మొదటి వారం వ్యాఖ్యానం నేను చేస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే. గొంతు కొంచెం తగ్గింది గానీ పలుకు శుభ్రంగానే ఉంది. గంటకి పది పాటలకంటే ఎక్కువ పెట్టకండి, మాట్లాడడానికి చోటుండాలి. కార్పెంటర్స్ వాళ్ళ 'యస్టర్‌డే వన్స్ మోర్' ఒకటి తప్పకుండా ఉండాలని నా కోరిక. 1973 పాట. చిన్నప్పుడు రేడియో దగ్గర కూర్చుని ఇష్టమైన పాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన పిల్ల పెద్దయ్యాక పాడుకునే పాట అది. ఆమదాలవలసలో రైల్వే క్వార్టర్సులో ఉండే ఒక మిత్రుడింట్లో మొదట విన్నాను. మిగతాది ఆదివారం చెప్తాను.

బొబ్బిలి వీణ

సుశీల గారి పాట నాది. సిరిసిరిమువ్వ లోది. ఆ కళాశాల గురించి రెండు నిమిషాలు మాట్లాడతాను, మాస్టారు సమయం ఇవ్వాలి.

చర్చి వీధి (సాలూరు)

బోనీ ఎమ్ నేను తీసుకుంటాను. పాటకి ముందు కీర్తన తెలుగులో చదువుతాను. గంటస్తంభం గారూ, నాన్నగారిని కూర్చోబెట్టండి.

గంటస్తంభం (విజయనగరం)

తప్పకుండా అండీ. శుక్రవారం రాత్రి లోపు మిగతావాళ్ళు కూడా పాట పేరు, దాని సంగతి ఇక్కడ రాసేయండి. మాస్టారు వరస కట్టుకోవాలి.

ప్యాసింజర్ (ఆమదాలవలస)

కుంగ్‌ఫూ ఫైటింగ్ నాకు వదిలెయ్యండి. మా మేనమామ పలాస జీడి ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో విన్నాడట, ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నాను. బిడ్డూ గురించి చెప్పే పని కూడా నాదే. మైక్‌సెట్ అన్నా, ఆ పది నిమిషాల సంగతి ఇంకా వివరంగా తెలిస్తే నాకు పంపించు.